ప్రేక్షకుడు వేరు, ఓటరు వేరు: సికింద్రాబాద్ చెప్పే చరిత్ర

తెలుగువాళ్లకు సినిమా పిచ్చి ఎక్కువని, తెర మీద కృష్ణుడిగా కనిపించిన మనిషిని నిజంగానే దేవుడనుకుని గద్దె ఎక్కించారని ఒక మాట నలభై ఏళ్లకు పైగా చలామణిలో ఉంది. 1983 జనవరి 9న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన నాటి నుంచి బయటివాళ్లు ఈ మాట అంటూ వచ్చారు, మనవాళ్లూ ఔనంటూ తలూపారు. అప్పటికి రెండేళ్ల ముందే రోనాల్డ్ రీగన్ అనే హాలీవుడ్ నటుడు అమెరికా అధ్యక్షుడై ఉండటంతో పోలిక సులువైంది. అక్కడ టీవీ, ఇక్కడ సినిమా, రెండుచోట్లా జనం బొమ్మను చూసి మోసపోయారని తేల్చేశారు. ఈ తీర్పు తప్పని నా వాదన. సినిమా ఒక మనిషి మాటను జనం చెవిన పడేలా చేస్తుంది, అంతవరకే దాని బలం. విన్నాక ఓటు వెయ్యాలా వద్దా అన్నది జనం వేరే లెక్కలు చూసుకుని తేల్చుకుంటారు. ఈ సంగతి రుజువు కావాలంటే పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఉన్న సికింద్రాబాద్ గత నాలుగు దశాబ్దాల్లో ఎవరిని గెలిపించింది, ఎవరిని ఓడించిందన్నది చూస్తే చాలు.

సికింద్రాబాద్‌నే ఎందుకు చూడాలంటే, సినిమాతోనూ రాజకీయంతోనూ ఈ ఊరికున్న సంబంధం మొదటి నుంచీ ప్రత్యేకం. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద ఏర్పడిన ఈ కంటోన్మెంటు 1940ల మధ్య దాకా బ్రిటిష్ వాళ్ల చేతిలోనే ఉంది. చెరువుకు ఇవతల హైదరాబాద్‌లో నిజాం మాట శాసనం. 1922లో ధీరేన్ గంగూలీ అనే బెంగాలీ దర్శకుడు హైదరాబాద్‌కు వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టి మూగ సినిమాలు తీశారు. 1924లో సుల్తానా రజియా ప్రేమకథతో బొంబాయిలో తయారైన ‘రజియా బేగం’ సినిమాను ఆడించినందుకు నిజాం ఆగ్రహించి ఆయన్ను రాజ్యం విడిచి పొమ్మన్నారు. బొమ్మలకు పాలకులు భయపడటం ఈ గడ్డ మీద అంత పాత సంగతి. చెరువుకు అవతల సికింద్రాబాద్‌లో సిపాయిలు, రైల్వే ఉద్యోగులు, తమిళులు, మరాఠీలు, ఆంగ్లో ఇండియన్లు, తెలుగువాళ్లు, ఉర్దూ మాట్లాడేవాళ్లు కలిసి బతికే బస్తీలు పెరిగాయి. ప్లాజా, టివోలి, సంగీత్ లాంటి హాళ్లలో ఇంగ్లిష్ సినిమాలు ఆడేవి. ప్యారడైజ్ అనే సినిమా హాలు పేరు మీదే ఒక కూడలి వెలిసింది, ఆ హాల్లో చిన్న క్యాంటీనుగా మొదలైన హోటలు తర్వాత బిర్యానీకి పేరుపడింది. ఇన్ని భాషల బొమ్మలు చూసి పెరిగిన ఊరికి తెర మీద కనిపించేది నటన అని వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

సినిమా రాజకీయాన్ని చెడగొట్టిందనేవాళ్లు చరిత్రను 1982 నుంచి మొదలుపెడతారు. అసలు కథ అంతకు చాలా ముందుది, అందులో మొదటి అడుగు వేసింది రాజకీయమే. గూడవల్లి రామబ్రహ్మం 1938లో ‘మాలపిల్ల’, 1939లో ‘రైతుబిడ్డ’ తీశారు. మొదటిది అంటరానితనం మీద, రెండోది జమీందారీ దోపిడీ మీద. రెండింటినీ తీసిన సారథి సంస్థకు పెట్టుబడి పెట్టింది చల్లపల్లి జమీందారే. అయినా రైతుబిడ్డ మిగతా జమీందారుల కోపానికి గురై కొన్నిచోట్ల నిషేధాన్ని ఎదుర్కొంది. అంటే ఊళ్లలో రైతు సంఘాలు, హరిజనోద్యమం ముందు పుట్టాయి, వాటి మాటను సినిమా ఎత్తుకుంది. తెలంగాణలోనూ ఇదే వరస. తిరుమలగిరిలో పుట్టిన సికింద్రాబాద్ బిడ్డ శ్యామ్ బెనగళ్ 1974లో ‘అంకుర్’, మరుసటి ఏడు ‘నిషాంత్’ తీసి దొరల పెత్తనాన్ని దేశమంతటికీ చూపించారు. అంకుర్‌లో పాత్రలు దక్కనీ యాసలో మాట్లాడతాయి, చివర ఒక పిల్లవాడు దొర ఇంటి కిటికీ మీద రాయి విసురుతాడు. 1980లో విడుదలైన ‘మా భూమి’ సాయుధ పోరాటాన్ని తెరకెక్కించింది. అందులో పాడుతూ కనిపించిన గద్దర్ ఆ తర్వాత సికింద్రాబాద్ శివార్లలోని అల్వాల్ వెంకటాపురంలోనే స్థిరపడ్డారు. బెనగళ్ 2006 నుంచి 2012 దాకా నామినేటెడ్ సభ్యుడిగా రాజ్యసభలో ఉన్నారు తప్ప ఏనాడూ ఓటు అడగలేదు. ఆయన దారిలో సినిమా అధికారం వైపు వెళ్లలేదు, అధికారాన్ని ప్రశ్నించే పని చేసింది. సినిమా, రాజకీయం అనగానే తారల పేర్లు మాత్రమే గుర్తుచేసుకునేవాళ్లు ఈ దారిని మరిచిపోతున్నారు.

ఇక 1982 సంగతి. ఆ ఏడాది ఫిబ్రవరిలో, సికింద్రాబాద్‌కు ఆనుకుని ఉన్న బేగంపేట విమానాశ్రయంలో జరిగిన ఘటన అందరికీ తెలిసిందే. ప్రధాని ఇందిరా గాంధీ కుమారుడు, అప్పటి ఎంపీ రాజీవ్ గాంధీకి స్వాగతం పలకడానికి ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య పెద్ద బలగంతో వెళితే, ఆ హడావిడి చూసి రాజీవ్ అక్కడికక్కడే ఆయన్ను కసురుకున్నారు. కొద్ది రోజులకే అంజయ్య పదవి పోయింది. ఆయన స్థానంలో వచ్చిన భవనం వెంకట్రామ్ సెప్టెంబరు దాకానే ఉన్నారు, తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. 1978 నుంచి లెక్కేస్తే మర్రి చెన్నారెడ్డితో కలిపి ఒక్క శాసనసభ కాలంలో నలుగురు ముఖ్యమంత్రులు. నలుగురినీ పెట్టింది ఢిల్లీయే, మొదటి ముగ్గురినీ తీసిందీ ఢిల్లీయే. 1982 మార్చి 29న రామారావు పార్టీ ప్రకటించేనాటికి జనం మనసులో ఒక ఖాళీ ఏర్పడి ఉంది. ఆత్మగౌరవం అన్న మాట ఆ ఖాళీలో సరిగ్గా అమరింది. ఆ ఖాళీని తయారుచేసింది కాంగ్రెస్, సినిమా కాదు. కిలో రెండు రూపాయల బియ్యం, కాంగ్రెస్‌లో టిక్కెట్లు దక్కని వెనుకబడిన కులాల ఆశలు, అధికారం కోసం ఎదురుచూస్తున్న కొత్త సంపన్న రైతు వర్గం, ఇవన్నీ ఆ మాట వెనుక ఉన్నాయి. తొమ్మిది నెలల్లో 294 స్థానాల్లో 200కు పైగా గెలవడానికి ఇవి కారణం కాదని ఎవరూ అనలేరు.

మరి దేవుడి పాత్రల సంగతేమిటని అడగొచ్చు. రామారావు ‘మాయాబజార్’లో కృష్ణుడైంది 1957లో, ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ 1960లో. దేవుడనుకునే ఓటు వేసేవాళ్లయితే ఇరవై ఏళ్లు ఆగాల్సిన పని లేదు. పైగా ముఖ్యమంత్రి కావడానికి ముందు అయిదారేళ్లలో ఆయనకు ఘన విజయాలిచ్చినవి దేవుడి పాత్రలు కావు. అడవి రాముడు, వేటగాడు, సర్దార్ పాపారాయుడు, కొండవీటి సింహం, జస్టిస్ చౌదరి, బొబ్బిలిపులి, అన్నీ కడుపు మండిన మనిషి కథలే. పౌరాణికాల్లోనూ జనం గుండెల్లో నిలిచిందేమిటో దగ్గరగా చూడాలి. 1977లో ఆయనే తీసిన ‘దానవీరశూరకర్ణ’లో మూడు పాత్రలు వేశారు: కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. ఊరూరా నోటికి వచ్చింది కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి మాటలు. విలువిద్యా ప్రదర్శనలో సూతపుత్రుడివంటూ కర్ణుణ్ణి అడ్డుకున్నప్పుడు దుర్యోధనుడు లేచి, కులం పేరుతో ప్రతిభను ఆపే మీ వంశాల పుట్టుపూర్వోత్తరాలేమిటని నిండు సభలో పెద్దలను నిలదీస్తాడు. రికార్డుల మీద, పెళ్లి పందిళ్ల మైకుల్లో జనం పదే పదే విన్నది ఆ వాదననే. దణ్ణం పెట్టడానికి వెళ్లిన భక్తుడు దేవుడి పక్షం వహించాలి గాని దుర్యోధనుడి మాటలు బట్టీపట్టడు. ఆ ప్రేక్షకుడు వింటున్నది అన్యాయం మీద ఒక వాదన. అదే గొంతు తర్వాత ఢిల్లీ పెత్తనం మీద వాదిస్తే ఆలకించాడు. ఆలకించడం సినిమా ఇచ్చిన వరం, ఒప్పుకోవడం మాత్రం వాదనలో బలాన్ని బట్టి.

అమెరికాతో పోలిక పెట్టేవాళ్లు రీగన్ చరిత్రను కూడా సరిగ్గా చూడరు. రీగన్ సినిమా నుంచి నేరుగా అధ్యక్ష భవనానికి వెళ్లలేదు. నటుల సంఘానికి నాయకత్వం వహించారు, 1954 నుంచి 1962 దాకా జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ టీవీ కార్యక్రమానికి వ్యాఖ్యాతగా ఉంటూ ఆ కంపెనీ కర్మాగారాలు తిరిగి కార్మికులతో మాట్లాడారు. 1964లో అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ తరఫున టీవీలో చేసిన ప్రసంగంతో రాజకీయ నాయకుడిగా పేరుపడ్డారు. ఎనిమిదేళ్లు కాలిఫోర్నియా గవర్నరుగా పనిచేశాకే 1980లో గెలిచారు. మన దగ్గర పరిస్థితి వేరు. 1977లో హైదరాబాద్‌లో మొదలైన దూరదర్శన్ గాని, ఆకాశవాణి గాని కేంద్రం చేతిలో ఉండేవి. ప్రతిపక్ష నాయకుడు డబ్బిచ్చి అరగంట కొనుక్కోవడమన్నది ఇక్కడ ఊహకందని విషయం. అందుకే రామారావు రోడ్డు పట్టారు. పాత షెవర్లే వ్యానును చైతన్యరథంగా మార్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా వేల కిలోమీటర్లు తిరిగారు. ఖాకీ బట్టలతో వ్యాను పైకెక్కి మాట్లాడి, దారిపక్కనే స్నానం, భోజనం కానిచ్చి మళ్లీ కదిలేవారు. మర్నాడు పొద్దున్నే ఆ వార్త ‘ఈనాడు’లో ఫోటోతో సహా ఇంటికి చేరేది. సినిమా పరిచయం చేసిన మనిషిని రోడ్డూ పత్రికా ఓటరు ముందుకు తెచ్చాయి. ఆ కష్టాన్ని తీసేసి మేకప్‌కే ఓట్లు పడ్డాయనడం ఆయనకూ, ఎండలో నిలబడి విన్నవాళ్లకూ అన్యాయం.

ఇప్పుడు సికింద్రాబాద్ తీర్పులు చూద్దాం. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల నాటికి రామారావు ప్రభ మధ్యాహ్నపు ఎండలా ఉంది. ఆగస్టులో గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి తిరిగొచ్చిన రెండు రోజులకే ఆయన ప్రభుత్వాన్ని కూల్చారు, నెల తిరిగేసరికి జన ఉద్యమం ఆయన్ను మళ్లీ కూర్చోబెట్టింది. ఇందిర హత్య తర్వాత దేశమంతా కాంగ్రెస్‌కు 400కు పైగా స్థానాలు కట్టబెట్టినా, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాలకు 30 తెలుగుదేశం గెలుచుకుంది. కాంగ్రెస్‌కు దక్కినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. వాటిలో ఒకటి సికింద్రాబాద్. గెలిచిన అభ్యర్థి మరెవరో కాదు, బేగంపేటలో అవమానపడిన అంజయ్యే. ఆయన అవమానమే రాష్ట్రమంతటా ఆత్మగౌరవ నినాదానికి ఊపిరి పోసింది. కాని ఆయన సొంత జనం ఆ నినాదానికి ఓటు వెయ్యకుండా ఆ మనిషికే వేశారు. ఆల్విన్ ఫ్యాక్టరీలో ఆరణాల కూలీగా మొదలై కార్మిక నాయకుడిగా ఎదిగిన అంజయ్య ఈ బస్తీలకు తెలిసిన మనిషి. 1986లో ఆయన చనిపోతే, 1987 ఉప ఎన్నికలో, రామారావు ముఖ్యమంత్రిగా ఉండగానే, అంజయ్య భార్య మణెమ్మను గెలిపించారు. 1989లోనూ ఆమే గెలిచారు. 1991లో బండారు దత్తాత్రేయ గెలిచి బీజేపీ జెండా ఎగరేశారు. తెలుగుదేశం ఒక్కసారి కూడా సికింద్రాబాద్ లోక్‌సభ స్థానాన్ని గెలవలేదు. అంతకుముందు 1971లో ఇదే ఊరు తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థిని గెలిపించి 1969 ఉద్యమానికి ఓటు వేసింది. సమస్యను బట్టి, మనిషిని బట్టి ఓటు వెయ్యడం ఈ ఊరికి కొత్త కాదు.

దీనికి ఒక అభ్యంతరం వస్తుంది. సికింద్రాబాద్ నగరం, సగం మంది తెలుగు మాట్లాడరు, ఇందిర మీద సానుభూతి కూడా ఉంది, కాబట్టి ఇది మినహాయింపు అంటారు. న్యాయమైన అభ్యంతరమే. సానుభూతి ఒక్కటే కారణమైతే 1987లో మణెమ్మ, 1991లో దత్తాత్రేయ ఎలా గెలిచారో చెప్పాలి. భాషే కారణమైతే ఇదే సికింద్రాబాద్ అసెంబ్లీ స్థానంలో 1994లోనూ 1999లోనూ తెలుగుదేశం గెలవకూడదు, కాని గెలిచింది. అదే ఓటరు అసెంబ్లీకి ఒక లెక్క, లోక్‌సభకు ఒక లెక్క చూసుకున్నాడు. ఇక నగరం దాటి చూద్దాం. 1989లో పాలమూరు జిల్లా కల్వకుర్తిలో సాక్షాత్తు రామారావే ఓడిపోయారు. అదే ఏడు ఏలూరు నుంచి లోక్‌సభకు గెలిచిన సినీ నటుడు కృష్ణ 1991లో అక్కడే ఓడిపోయారు. 2009లో చిరంజీవి తన సొంత ప్రాంతం పాలకొల్లులో ఓడి తిరుపతిలో గెలిచారు, ఆయన పార్టీ ప్రజారాజ్యానికి 294లో 18 స్థానాలే వచ్చాయి. సినిమా హాళ్లు కిటకిటలాడే గోదావరి జిల్లాల్లో సైతం ఓటరు చూపు ఇంత స్పష్టంగా ఉంది. అలాంటప్పుడు సికింద్రాబాద్ మినహాయింపు కాదు, అందరూ చేసేదే అది కాస్త ముందుగా, తేటగా చేసి చూపించింది.

మరి ఈ సికింద్రాబాదే 2009లో సహజనటిగా పేరున్న జయసుధను శాసనసభకు పంపింది కదా అనవచ్చు. నిజమే, అప్పటిదాకా ఎన్నో ఎన్నికలు చూసిన తలసాని శ్రీనివాస్ యాదవ్ మీద ఆమె గెలిచారు. ఆ ఎన్నికల్లో రాజశేఖరరెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ రాష్ట్రమంతా గెలిచింది, సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం కూడా ఆ పార్టీదే. 2014లో జయసుధ పేరు తగ్గలేదు, ముఖం మారలేదు. కాని తెలంగాణ రాష్ట్రం వస్తున్న వేళ ఇదే సికింద్రాబాద్ ఆమెను ఓడించి తెలంగాణ రాష్ట్ర సమితికి చెందిన పద్మారావు గౌడ్‌ను గెలిపించింది. పక్కనే కంటోన్మెంటులో 2023లో గద్దర్ కుమార్తె వెన్నెల కాంగ్రెస్ తరఫున పోటీచేశారు. ఆయన చనిపోయి నాలుగు నెలలు కూడా కాలేదు, ఆ పాటల మీద జనానికి ఎంత ప్రేమ ఉందో అంతిమయాత్రలో కనిపించింది. అయినా ఆమె గెలవలేదు. కాలిఫోర్నియాలోనూ ఇదే తంతు. నాట్యానికి పేరుపడ్డ నటుడు జార్జ్ మర్ఫీ 1964లో సెనేటర్‌గా గెలిచి 1970లో ఓడారు. 1966లో రీగన్ గవర్నరుగా ఎన్నికయ్యారు. బాలనటిగా ప్రపంచమంతా ముద్దుచేసిన షర్లీ టెంపుల్ 1967లో తన పార్టీ అభ్యర్థిత్వం కోసం జరిగిన పోటీలోనే ఓడిపోయారు. ఒకే రాష్ట్రం, ఒకే హాలీవుడ్, ఆరేళ్ల వ్యవధి. ముగ్గురి ఫలితాలూ మూడు రకాలు.

ఇప్పుడు చాలామంది ఎత్తిచూపేది పవన్ కల్యాణ్‌ను. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఆయన పార్టీ జనసేన పోటీచేసిన 21 అసెంబ్లీ స్థానాలూ గెలిచింది, ఆయన ఉప ముఖ్యమంత్రి అయ్యారు. ఇది తారాబలం కాదా? 2019లో ఇదే పవన్ కల్యాణ్ భీమవరం, గాజువాక రెండుచోట్లా ఓడిపోయారు, పార్టీకి దక్కింది ఒకే ఒక్క స్థానం. అయిదేళ్లలో ఆయన కీర్తి ఇరవై రెట్లు పెరగలేదు. మారింది రాజకీయం. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు రాజమండ్రి జైల్లో ఉన్నప్పుడు పొత్తు ప్రకటించారు, బీజేపీని కలుపుకున్నారు, అప్పటి ప్రభుత్వం మీద అసంతృప్తి ముదిరింది. ఒక కారణం మారకుండా ఉండగా ఫలితం తలకిందులైతే, ఆ ఫలితాన్ని తెచ్చింది ఆ కారణం కాదని తర్కం చెబుతుంది. తారలకు పేరు ఎప్పుడూ ఉంటుంది. ఓటు అప్పుడప్పుడే పడుతుంది.

అలాగని సినిమా రాజకీయం మీద ఏ ముద్రా వెయ్యలేదనను. ముద్ర ఉంది, అది ఓటులో కన్నా పాలన కనిపించే తీరులో ఎక్కువ. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా హైదరాబాద్ వెళ్లే దారిలో 1986లో రామారావు ప్రభుత్వం తెలుగు వెలుగుల విగ్రహాలు వరసగా నిలబెట్టింది. అమెరికాలో స్వేచ్ఛా విగ్రహాన్ని చూశాక చెరువు మధ్య బుద్ధుణ్ణి నిలపాలన్న ఆలోచన వచ్చిందని చెబుతారు. రాయగిరి దగ్గర ఒకే రాయిలో చెక్కిన ఆ విగ్రహం 1990 మార్చిలో పడవ మీద తరలిస్తుండగా నీట మునిగింది, మనుషుల ప్రాణాలు పోయాయి, 1992 చివరికి గాని పైకి తీసి నిలబెట్టలేకపోయారు. కంటికి నిండుగా కనిపించేలా రాజ్యాన్ని అలంకరించాలన్న తపన సినిమా నుంచే వచ్చిందనడం తప్పు కాదు. ఎదురు పక్షం కూడా ఆ ఆయుధమే పట్టింది. 1987లో ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు వేషం రామారావు మీద వ్యంగ్యమని ఊరంతటికీ తెలుసు. ఈ రోజు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టింది. ఒకప్పటి నంది అవార్డుల స్థానంలో ప్రజాగాయకుడి పేరు రావడం, తెర మీదా నేల మీదా ఎవరి గొంతు లెక్కలోకి రావాలన్న దాని మీద రాజకీయం చెప్పిన మాట.

తారలు గెలిస్తే సినిమా పిచ్చి, ఓడితే విజ్ఞత అనే వాదనలో పెద్ద ప్రమాదముంది. 1983లో గెలిచింది ఒక నటుడని చెప్పి ఊరుకుంటే, ఒక్క సభాకాలంలో నలుగురు ముఖ్యమంత్రుల్ని మార్చిన పార్టీ తప్పు మరుగున పడిపోతుంది. 2024ను ఒక హీరో విజయమనుకుంటే, ఓడిన ప్రభుత్వం ఎందుకు ఓడిందో వెతకాల్సిన పని తప్పిపోతుంది. నింద ఓటరు నెత్తిన పడుతుంది, లెక్క చెప్పాల్సిన పార్టీలు పక్కకు తప్పుకుంటాయి. చదువులేని జనానికి తెరకీ నేలకీ తేడా తెలియదన్న చిన్నచూపు ఈ వాదన కింద దాగి ఉంది. అంజయ్యను, మణెమ్మను, దత్తాత్రేయను, జయసుధను, పద్మారావును వేర్వేరు కారణాలకు ఎన్నుకున్న సికింద్రాబాద్ బస్తీలు ఆ చిన్నచూపుకు సరైన జవాబు చెప్పాయి. అక్కడివాళ్లు శుక్రవారం మొదటి ఆటకు ఈలలు వేసినవాళ్లే, పోలింగు రోజున వరసలో నిల్చుని పార్టీల పనితీరును తూకం వేసినవాళ్లే. రేపు మరో తార పార్టీ పెట్టినప్పుడు, ఆ తారకు ఎంతమంది అభిమానులున్నారన్నది కాక, ఏ పార్టీ ఏ జనాన్ని విస్మరించి ఆ తారకు దారి ఇచ్చిందన్నది మొదట అడగాలి.